ఉత్తరం చదివి పెట్టే కుర్రాడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ‘‘ముప్పై ఏళ్లు హిస్టరీ చెప్పావు కదా, ఏదైనా చరిత్ర చెప్పు. కానీ మన స్కూలుకి సంబంధం ఉండాలి’’ అని షరతు పెట్టారు. ఆలోచిస్తే నాకు ఒక్కటే తోచింది. ఈ స్కూలు నాకు చదవడం నేర్పింది. ఆ చదువుతో నేను చేసిన మొదటి ఉద్యోగం జీతం లేనిది. మిలట్రీలో పిల్లలున్న ఇళ్లకు వెళ్లి ఉత్తరాలు చదివి పెట్టడం, జవాబులు రాసి పెట్టడం. ఆ ఉద్యోగంలో నేనొక తప్పు చేశాను. అది మీ ముందు ఒప్పుకుందామని వచ్చాను.

మన తాడేపల్లిగూడెం వైపు మిలట్రీ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. మాధవరాన్ని మిలట్రీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచి తొంభై మంది వెళ్లారని, రెండో దానికి వెయ్యి మంది దాటారని అక్కడివాళ్లు లెక్క చెబుతారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్లకూ తగిలింది. మా వీధిలోనే నాలుగిళ్లలో సిపాయిలు ఉండేవారు. అందులో ఒక ఇంట్లో ముగ్గురు కొడుకులు, చివర ఒక ఆడపిల్ల. పెద్దవాళ్లిద్దరూ మిలట్రీలో ఉన్నారు. మూడోవాడు నా క్లాస్‌మేటు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. ఇదే ఆవరణలో, ఆ కూలిపోయిన పెంకుటింటి గదుల్లో, మూడో బెంచీలో నా పక్కన కూర్చునేవాడు. వాళ్లమ్మను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని.

కొడుకు తొమ్మిదో తరగతి చదువుతుంటే ఉత్తరం చదవడానికి నేనెందుకు అని మీకు అనుమానం రావచ్చు. వాడు చదివితే నాలుగు ముక్కల్లో తేల్చేసేవాడు. ‘‘బాగున్నాడంట. డబ్బులు పంపాడంట. అంతే’’ అని కవరు మడిచేసేవాడు. పెద్దమ్మకి అది చాలదు. ‘‘చిరంజీవి తమ్ముడికి, పూజ్యులైన అమ్మగారికి నమస్కరించి వ్రాయునది’’ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ‘‘ఉభయకుశలోపరి’’ కూడా వదలకుండా చదవాలి. మధ్యలో ఆవిడ ఆపమంటే ఆపాలి, మళ్లీ అన్నచోట మళ్లీ చదవాలి. చదివినందుకు బెల్లం ముక్కో, జంతికో చేతిలో పెట్టేది.

పెద్దన్నయ్య ఉత్తరాల మీద 56 ఏపీవో అని, చిన్నన్నయ్య ఉత్తరాల మీద 99 ఏపీవో అని ఉండేది. ఊరి పేరు, జిల్లా పేరు ఏమీ ఉండవు. మొదటిది ఢిల్లీ మీదుగా పడమటి దిక్కుకి, రెండోది కలకత్తా మీదుగా తూర్పు దిక్కుకి వెళ్తాయని నేను తర్వాత తెలుసుకున్నాను. పెద్దమ్మకి మాత్రం అప్పుడే తెలుసు. ‘‘యాభై ఆరు వచ్చిందా, తొంభై తొమ్మిది వచ్చిందా’’ అనే అడిగేది. కొడుకుల పేర్లతో అడిగేది కాదు. 1971 చివర్లో రెండు వైపులా యుద్ధం వస్తుందని రేడియోలో చెబుతుంటే, ఆ రెండు అంకెలే ఆవిడకి దేశపటం.

ఇక్కడ కాసేపు ఈ ఊరు వదిలి, మరో యాభై ఏడేళ్లు వెనక్కి, ఫ్రాన్సుకి వెళ్దాం. ఎందుకు వెళ్తున్నామో చివరికి తెలుస్తుంది.

1914 సెప్టెంబరు ఆఖర్లో మన దేశపు సిపాయిలు మార్సెయిల్స్ రేవులో దిగారు. యుద్ధం ముగిసేలోగా లక్షా ముప్పై వేల మందికి పైగా భారతీయులు ఫ్రాన్సు, బెల్జియం గడ్డ మీద పనిచేశారు. ఎక్కువమంది పంజాబు, గఢ్వాల్, నేపాల్, వాయవ్య సరిహద్దు వాళ్లు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న ఒక సిద్ధాంతం పెట్టుకుని, తెల్లదొరలు అప్పటికే మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ వచ్చారు. మన వైపు సంబంధం బొత్తిగా లేదని కాదు. హైదరాబాదు కంటింజెంటు నుంచి పుట్టిన దక్కన్ హార్స్ 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో, హైవుడ్ అనే అడవి పక్కన, మెషీన్‌గన్లున్న చోటికి గుర్రాల మీద బల్లేలతో దూసుకెళ్లింది.

ఈ సిపాయిల్లో చాలామందికి చదువు రాదు. చదువొచ్చిన తోటివాడి చేతో, పటాలంలో రాయసగాడి చేతో ఉత్తరం రాయించుకునేవారు. ఊళ్లో తల్లిదండ్రులకీ చదువు రాదు. అక్కడ ఇంకొకడు చదివి పెట్టాలి. ఈ ఇద్దరికీ మధ్యలో ఇంకో మనిషి కూర్చున్నాడు, సెన్సారు అధికారి. బులోన్ పట్నంలో భారతీయుల ఉత్తరాలు చూడటానికి ఒక ఆఫీసు పెట్టారు. దానికి హోవెల్ అనే ఐసీఎస్ అధికారి పెద్ద. 1915 మార్చి నాటికి వారానికి పది వేల నుంచి ఇరవై వేల ఉత్తరాలు ఫ్రాన్సు నుంచి ఇంటికి బయల్దేరేవి. చేతికందినన్ని తెరిచి, ముఖ్యమనుకున్న ముక్కలను ఇంగ్లీషులోకి తిప్పి, వారం వారం నివేదికలు పంపేవారు. వాళ్లకి కావలసింది ఒక్కో ఉత్తరాన్ని పట్టుకోవడం కంటే, సిపాయిల మనసు ఎటు తిరుగుతోందో కనిపెట్టడం. ఆ నివేదికలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి. అంటే కొడుకు గొంతు తల్లి పెట్టెలో మిగల్లేదు, పోలీసు పనిచేసినవాడి ఫైలులో మిగిలింది. చరిత్ర పాఠం చెప్పేవాడికి ఇంతకంటే ఇబ్బందైన కృతజ్ఞత ఇంకొకటి ఉండదు.

ఈ తర్జుమాల్లోంచి ఏరిన ఉత్తరాలతో అచ్చయిన పుస్తకం ఒకటి, నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో నా చేతికి వచ్చింది. చదువుతుంటే నవ్వొచ్చిన చోట్లున్నాయి. మిరియాల గురించి ఒకడు ఇంటికి రాస్తాడు. నల్లమిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్రమిరపకాయలు వాడుతున్నారు, అప్పుడప్పుడు నల్లవి కూడా వేస్తున్నారు అని. నల్లవంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్ల సిపాయిలు. చచ్చిపోతున్నాం అని రాస్తే ఆపేస్తారు, మిరియాలని రాస్తే ఆపరు అనుకున్నాడు. సెన్సారు వాళ్లు ఆ మిరియాల గుట్టు త్వరలోనే పసిగట్టారనుకోండి. కానీ ఒక మాట మాత్రం హోవెల్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఏదీ తిన్నగా అనకుండానే సంగతి చెప్పడంలో ఈ మనుషులు ఆరితేరినవాళ్లు, వీళ్ల ఉత్తరాలకు అడ్డుకట్ట వేయడం ఇంచుమించు అసాధ్యం అని. మా వీధి ఆడవాళ్లు నూతి దగ్గర మాట్లాడుకుంటుంటే విన్నవాడికి ఈ సంగతి ఐసీఎస్ పాసవకుండానే తెలుస్తుంది.

నవ్వు రాని చోట్లు ఎక్కువ. ఇది యుద్ధం కాదు, లోకం అంతమవడం అని రాసినవాళ్లున్నారు. కోసి పడేసిన పనల్లా శవాలు పరుచుకుని ఉన్నాయని రాసినవాడున్నాడు. చేలో పనలు తెలిసినవాడు తప్ప ఆ మాట అనలేడు. తిరిగి కందకాల్లోకి పోకుండా తప్పించుకోవడానికి నల్లజీడి పిక్కలు తెప్పించుకుని ఒంటి మీద పుండ్లు చేసుకున్నవాళ్లున్నారు. మన చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే జీడే అది.

అన్నదమ్ముల సంగతికి వస్తాను. ఒకే ఇంటి నుంచి ఇద్దరు, ముగ్గురు వెళ్లడం ఆ రోజుల్లో మామూలు. ఆఫ్రిదీ పఠాన్లలో మీర్ దస్త్, మీర్ మస్త్ అని ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. ఇద్దరూ జమేదార్లే, రెజిమెంట్లు వేరు. 1915 మార్చిలో ఒక రాత్రి మీర్ మస్త్ కొంతమందిని వెంటబెట్టుకుని జర్మన్ల వైపు వెళ్లిపోయాడు. రెండు నెలలు తిరగకుండా, ఏప్రిల్ 26న, ఈప్ర్ దగ్గర జర్మన్లు విషవాయువు వదిలిన చోట మీర్ దస్త్ తన దళాన్ని నిలబెట్టి, గుండ్ల వానలో ఎనిమిది మంది అధికారులను మోసుకొచ్చాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఇంగ్లండులో బ్రైటన్ రాజభవనాన్ని మన సిపాయిలకు ఆసుపత్రి చేశారు కదా, ఆ తోటలోనే ఆగస్టులో ఐదో జార్జి రాజు తన చేత్తో ఆ పతకం పెట్టాడు. పతకం గురించి మీర్ దస్త్ రాసిన ఉత్తరం కూడా నకళ్లలో ఉంది. నన్ను అభినందించండి అంటాడు. ఆ వెంటనే చేతికి గాయమైందని, రెండు వేళ్లు పనిచేయడం లేదని, వాయువు దెబ్బ ఇంకా బాధ పెడుతోందని రాస్తాడు.

ఆ తల్లి ఇంటికి ఈ రెండు కబుర్లూ చేరి ఉంటాయి. చదివి పెట్టేవాడు ముందు ఏది చదివి ఉంటాడు?

ఇంకొక ఉత్తరం. 1915 మేలో ఒక హవల్దారు, ఇండియాలోనే వేరే రెజిమెంటులో ఉన్న తన స్నేహితుడికి రాశాడు. దేవుడి మీద ఒట్టు, ఈ యుద్ధానికి రావద్దు, రావద్దు అని వేడుకుంటాడు. ఫిరంగులు, తుపాకులు, బాంబులు శ్రావణమాసపు వానలా రాత్రింబవళ్లు కురుస్తున్నాయట. ఇంతవరకు బతికినవాళ్లు కుండలో ఉడక్కుండా మిగిలిపోయిన నాలుగు గింజల్లాంటి వాళ్లట. ఆ తర్వాత అసలు మాట. మా తమ్ముడితో చెప్పు, పటాలంలో చేరొద్దని చెప్పు.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. లైబ్రరీ కట్టేసే వేళయిందని అటెండరు వచ్చి లేపేదాకా అలాగే కూర్చున్నాను. ఎందుకంటే ఆ వాక్యం నేను అంతకుముందే చదివాను. తెలుగులో, నీలం ఇన్‌లాండ్ కవరు మీద.

1971 నవంబరు. 56 ఏపీవో నుంచి పెద్దన్నయ్య ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నా క్లాస్‌మేటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వాడప్పటికే నాతో చెప్పాడు, పది పాసైతే చాలు, తను కూడా వెళ్లిపోతానని. మా ఇద్దరికీ డ్రిల్లు మాస్టారి పిచ్చి ఉండేది, రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద పరుగులు పెట్టేవాళ్లం. నేను చదువుతున్నాను. చలి బాగా ఉంది, కంబళ్లు ఇచ్చారు. గేదె ఈనిందా? చెల్లిని ఐదుతో ఆపేయొద్దు, హైస్కూల్లో వెయ్యండి. ఆ కింద, కవరు మడత దగ్గర, చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: ‘‘తమ్ముణ్ని మాత్రం ఇటు పంపొద్దు అమ్మా. ఇద్దరం చాలు.’’

తలెత్తి చూస్తే వాడు నావంకే చూస్తున్నాడు. వాడికి ఏమీ తెలియదు. కానీ నాకు వాడి ముఖం చూడగానే ఆ మాట నోట్లోంచి రాలేదు. ‘‘ఇంతే పెద్దమ్మా. ఉభయకుశలోపరి’’ అనేశాను. ఉభయకుశలోపరి ఉత్తరం మొదట్లో ఉంటుంది, చివర ఉండదు. ఆ సంగతి పెద్దమ్మ గమనించి ఉండదులే అనుకున్నాను. ఆ రోజు జంతిక తినలేదు నేను.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ముగిసింది. ఆ పదమూడు రోజులూ, ఆ తర్వాత ఇంకో ఇరవై రోజులూ రెండు అంకెల నుంచీ ఉత్తరం లేదు. ముందు 99 నుంచి వచ్చింది, చిన్నన్నయ్య క్షేమం. సంక్రాంతి వెళ్లాక రెండోది వచ్చింది. నేను కవరు విప్పబోతుంటే పెద్దమ్మ నా చేతిలోంచి లాక్కుని చూసి, ‘‘ఇది వాడి రాత కాదు’’ అంది. ఒక్క అక్షరం రాని మనిషి. నిజమే, అది వేరే ఎవరో రాసింది. ఆసుపత్రి నుంచి. కుడిచెయ్యి పోయింది. ఉత్తరంలో ‘‘చేతికి చిన్న దెబ్బ’’ అని ఉంది. నేను ‘‘చిన్న దెబ్బ’’ అనే చదివాను. ఆవిడ ‘‘రాయలేనంత చిన్న దెబ్బా?’’ అంది.

మీర్ దస్త్ రెండు వేళ్ల మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ అరుగే.

జవాబులు రాసేటప్పుడు పెద్దమ్మ కూడా తక్కువ తినలేదు. గేదె చచ్చిపోతే ‘‘గేదె బాగుంది’’ అని రాయమనేది. తనకి నెల్లాళ్లు జ్వరం వస్తే ‘‘అందరం క్షేమం’’. ‘‘అబద్ధం కదా పెద్దమ్మా’’ అంటే, ‘‘వాడికి అక్కడ గేదె గొడవ ఎందుకురా’’ అనేది. అటు నుంచి చిన్న దెబ్బ, ఇటు నుంచి బాగున్న గేదె. ఫ్రాన్సు ఉత్తరాలకైతే సెన్సారు ఆఫీసు కావలసి వచ్చింది గానీ, మా వీధిలో ఎవరి సెన్సారు వాళ్లే, జీతం లేకుండా.

నా క్లాస్‌మేటు అన్నట్టే వెళ్లిపోయాడు. పదిహేడేళ్లు చేసి, హవల్దారుగా రిటైరై, ఒక్క గీత కూడా పడకుండా తిరిగొచ్చాడు. అందుకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టానో నాకే తెలుసు. వాడున్న పదిహేడేళ్లలో ఎప్పుడు సరిహద్దు మాట రేడియోలో వచ్చినా, ఆ మడత కింది వాక్యం నాకు అరచేతిలో కనిపించేది. పెద్దమ్మ విని ఉంటే ఆపేది. ఆవిడ వినకుండా చేసింది నేను.

లైబ్రరీలో ఆ పుస్తకం చదివిన వారమే ఊరొచ్చాను. పెద్దమ్మకి అప్పటికి ఎనభై దాటాయి, చూపు తగ్గింది, మాట గట్టిగానే ఉంది. మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. ఫలానా ఉత్తరంలో ఒక మాట చదవలేదు పెద్దమ్మా అని.

‘‘తమ్ముణ్ని పంపొద్దన్నదేగా?’’ అంది.

నాకు నోట మాట రాలేదు.

‘‘నువ్వు చదివిన ప్రతి ఉత్తరం మర్నాడు పోస్టుమాన్ చేత మళ్లీ చదివించుకునేదాన్ని. నువ్వు పిల్లాడివి. పిల్లలకి ఏది చదవాలో ఏది మానాలో ఏం తెలుస్తుంది? నీకు చెబితే సిగ్గుపడి మళ్లీ రావని ఊరుకున్నా.’’

‘‘మరి తెలిసి వాణ్నెందుకు పంపావు?’’ అన్నాను.

‘‘ఆపితే ఆగేవాడా? చెప్పకుండా పోయేవాడు. చెప్పకుండా పోయినవాడు ఉత్తరం రాయడు.’’

అంతే. ఆ తర్వాత మా పిల్లల చదువుల గురించి అడిగింది.

ఫ్రాన్సు ఉత్తరాల్లో ఇంకొకటి చెప్పి ముగిస్తాను, అది పెద్దమ్మకి కూడా చెప్పాను. ఒక అశ్వికదళం సిపాయిని ఒక పల్లెటూరి ముసలమ్మ ఇంట్లో దింపారు. ఆవిడ కొడుకులు యుద్ధంలో ఉన్నారు, ఒకడు అప్పటికే పోయాడు. మూణ్నెల్లు ఇతని బట్టలు ఉతికింది, పక్క వేసింది, బూట్లు తుడిచింది, పొద్దున్నే రొట్టె, పాలు, కాఫీ పెట్టింది. పోయిన కొడుకు కోసం ఆవిడ ఏడవగా ఇతను ఎప్పుడూ చూడలేదు. కానీ ఇతని దళం ఊరు వదిలిన రోజున ఇతని భుజం మీద తలపెట్టి ఏడ్చి, దారి ఖర్చుకని ఐదు ఫ్రాంకుల నోటు చేతిలో కుక్కింది. ఆ సంగతంతా ఇతను ఇంటికి రాశాడు. పెద్దమ్మ విని, ‘‘ఆవిడకి ఉత్తరాలు ఎవరు చదివేవారో’’ అంది. ‘‘ఆవిడకి చదువు వచ్చి ఉంటుంది పెద్దమ్మా’’ అన్నాను. నిజానికి మన సిపాయిలు అక్కడి ఆడవాళ్లను చూసి ఇంటికి రాసిన మాటల్లో ఇదొకటి. ఇక్కడ ఆడవాళ్లు చదువుకున్నారు, లెక్కలు చూస్తున్నారు, ఇల్లూ పొలమూ నడుపుతున్నారు, మన ఆడపిల్లలను కూడా బడికి పంపండి అని. మిరియాల చాటు లేకుండా, సెన్సారుకి భయపడకుండా తిన్నగా రాయగలిగిన మాట అది.

పెద్దన్నయ్య తిన్నగా రాసిన మాట కూడా అదే. దాన్ని నేను తప్పకుండా చదివాను, అదొక్కటే ఊరట. ఆ చెల్లిని ఐదుతో ఆపలేదు, ఈ హైస్కూల్లోనే వేశారు. మీలో తొంభైల్లో చదివినవాళ్లకి ఇంగ్లీషు చెప్పింది ఆవిడే. ఇప్పుడు మెట్ల దగ్గర కూర్చుని, ఇంక దిగు అన్నట్టు చూస్తోంది. దిగుతున్నాను టీచరుగారూ.

ఒక విన్నపం. పెద్దమ్మ ట్రంకుపెట్టెలో దాచిన ఉత్తరాలు నూట పన్నెండు. నా క్లాస్‌మేటు వాటిని ఇవాళ సంచిలో తెచ్చాడు. భోజనాల తర్వాత లైబ్రరీ గదిలో బల్ల మీద పరుస్తాం. పెద్దన్నయ్య ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాక రాసిన మొదటిది కూడా అందులో ఉంది. నాలుగే వాక్యాలు. మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే, చెదలు పట్టకముందే సంఘం ఆఫీసులో ఇవ్వండి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగిస్తాం. చూడటానికి వచ్చేవాళ్లు దయచేసి పప్పు, పులుసు తిన్న చేతులు కడుక్కుని రండి.